శీతకాలపు దిగులు

శీతకాలపు దిగులు అనగా చలికాలంలోను, పండుగ దినాలలోను కొందరికి కలిగే మనోవ్యాకులత. పగటి వెలుతురు తగ్గినపుడు ఏటా అదే ఋతువులో వచ్చే కుంగుబాటును నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో ఒక ప్రత్యేక రుగ్మతగా వర్ణించారు. డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు సుమారు 6 గంటలే. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అప్పుడు కూడా 11 గంటలు ఉంటుంది. కనుక ఇక్కడి దిగులుకు కారణాన్ని ఆకాశంలో కంటె ఇంటిలోనే వెదకడం సమంజసం.

వలస, పండుగ

వానాకాలపు పంట చేతికి వచ్చిన పిదప మేస్త్రీల వెంట దూరప్రాంతాలకు కూలికి పోవడం పాలమూరు పల్లెలలో తరతరాలుగా ఉన్నదే. ఊరిలో ముసలివారు, చిన్నపిల్లలు మిగిలేవారు. పట్టణాలలోనూ నేడు సంతానం హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న ఇళ్ళు అనేకం. సంక్రాంతికి వచ్చినవారు కనుమ కాగానే బయలుదేరుతారు. పండుగనాటి కంటె ఆ మరునాడే ఇల్లు బోసిపోతుంది.

ఉపశమనం

ఉదయపు ఎండలో నడక, వేళకు నిద్ర, చేతికి ఏదో ఒక పని మేలు చేస్తాయి. పిల్లలు పండుగనాడు గంటసేపు మాట్లాడడం కంటె వారం వారం నాలుగు మాటలు మాట్లాడడం మంచిది. మద్యం దిగులును పెంచుతుంది. అయితే అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు దానిని హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

నిద్రలేమి, ఆకలి మందగించడం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే వైద్యుని సంప్రదించాలి. చనిపోవాలనే తలంపు వస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన కేంద్రప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది.