ఒవటోనా ఊరి బ్యాంకు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒవటోనా పాడికీ వెన్నకీ పేరుపడ్డ చిన్న ఊరు. ఊరి నడిబొడ్డున, పార్కు ఎదురుగా, ఎర్రరాతి పునాది మీద ఎర్ర ఇటుకలతో లేచిన చదరపు భవనం ఒకటుంది. వీధివైపు రెండు గోడల్లోనూ చెరో పెద్ద కమాను, దాని నిండా రంగుటద్దాలు. 1908లో దాన్ని నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు కోసం కట్టారు.

ఆ రోజుల్లో బ్యాంకంటే గ్రీకు గుడిలా స్తంభాలు నిలబెట్టడం రివాజు. బ్యాంకు ఉపాధ్యక్షుడు కార్ల్ బెనెట్‌కి అది నచ్చలేదు. హార్వర్డ్‌లో చదువుకుని, సంగీతం మీద ప్రాణం పెట్టుకుని, కుటుంబ వ్యాపారం కోసం ఊరికి తిరిగొచ్చినవాడాయన. వాస్తుశిల్పం గురించి లూయీ సలివాన్ రాసిన వ్యాసం చదివి, కబురు ఆయనకే పంపాడు. షికాగోలో ఆకాశహర్మ్యాలకు కొత్త రూపం దిద్దిన సలివాన్‌కి అప్పటికి పెద్ద పనులు రావడం మానేశాయి. 1895లో భాగస్వామి ఆడ్లర్ విడిపోయాక ఆయన దశ తిరగలేదు. నగరం పక్కన పెట్టిన మనిషిని ఒక పల్లె బ్యాంకరు వెతికి పట్టుకోవడం ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

పేరు సలివాన్‌దే అయినా, నమూనాల్లోనూ అలంకారాల్లోనూ ఆయన సహాయకుడు జార్జ్ ఎల్మ్‌స్లీ చేయి చాలా ఉంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమే. రంగుటద్దాలు లూయీ మిల్లెట్ పని. లోపల పచ్చ, బంగారు వన్నెలు. రెండు టన్నులకు పైబడిన పోత ఇనుప దీపగుచ్ఛాలు నాలుగు. గోడల మీద ఆస్కార్ గ్రాస్ గీసిన పెద్ద చిత్రాల్లో దేవతలూ లేరు, రాజులూ లేరు. ఒకదాంట్లో మేస్తున్న ఆవులు, ఇంకోదాంట్లో పంటకోత. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది, ఆడవాళ్లకు వేరే గది కూడా ఉండేవి. డబ్బు దాచుకునేవాడి బతుకే గోడకెక్కిందంటే, ఆ బ్యాంకు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. వెనకవైపు అద్దెకిచ్చే దుకాణాలూ ఆఫీసులూ కట్టారు, ఆ రాబడి ఖర్చుకి ఆసరా అవుతుందని.

కానీ మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పంటల ధరలు కూలాయి, రైతుల అప్పులు మొండిబడ్డాయి. 1926లో బ్యాంకు మూతపడింది. అంతకు రెండేళ్ల ముందే సలివాన్ షికాగోలో పేదరికంలో పోయాడు. తర్వాత భవనం చేతులు మారి మరో బ్యాంకుకి దక్కింది. 1940లో ఆధునికం చేస్తున్నామంటూ లోపలి ఏర్పాట్లను చాలా మటుకు ఊడపీకేశారు. ఆ గదులూ కౌంటర్లూ మళ్లీ దొరకలేదు.

మిగిలినదాన్ని కాపాడింది 1950ల చివర్లో వాస్తుశిల్పి హార్వెల్ హ్యామిల్టన్ హారిస్ చేతిమీదుగా జరిగిన మరమ్మతు. పాతదాన్ని కూల్చి కొత్తది కట్టడమే అభివృద్ధి అనుకునే ఆ కాలంలో, చిన్న ఊరి బ్యాంకు యాజమాన్యం అంత శ్రద్ధ పెట్టడం మామూలు సంగతి కాదు. 1976లో ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1981లో తపాలా బిళ్ల మీదా వేసింది.

సలివాన్ ఈ బ్యాంకు తర్వాత అయోవా, ఒహాయో, ఇండియానా, విస్కాన్సిన్ రాష్ట్రాల చిన్న ఊళ్లలో మరో ఏడు బ్యాంకులు కట్టాడు. ఆ వరసకి మొదటిది ఒవటోనా.