ఆరుబయటి పర్యావరణ విద్య (కోల్‌కతా)

నగరంలో చదువుకునే పిల్లలను తరగతి గది దాటించి, చెట్టు, చెరువు, పురుగు, పిట్టల దగ్గరికి తీసుకెళ్లి, కళ్లతో చూస్తూ చేత్తో తాకుతూ నేర్చుకోనిచ్చే బోధన ఇది. కోల్‌కతాలో దీనికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. శాంతినికేతన్‌లో చెట్ల కింద నడిచిన బడి, పిల్లల కోసం బెంగాలీలో రాసిన ప్రకృతి పరిశీలకులు, నగరానికి తూర్పున మురుగునీటితో చేపలు పెంచే చిత్తడి నేలలు ఈ చరిత్రను నడిపించాయి.

మూలాలు

రవీంద్రనాథ్ ఠాగూర్ బాల్యం కోల్‌కతా జోరాసాంకోలోని పెద్ద ఇంట్లో, నౌకర్ల కాపలాలో గడిచింది. శ్యామ్ అనే నౌకరు ఆయన్ని ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీత గీసేవాడు. దాటితే ముప్పు తప్పదని బెదిరించేవాడు. సీతమ్మ కథ తెలిసిన పిల్లవాడు కనుక ఆ గీత దాటే సాహసం చేయలేదు. కిటికీ కింద కొలను, గట్టున మర్రిచెట్టు, స్నానానికి వచ్చిపోయే ఇరుగుపొరుగు. గంటల తరబడి వాటినే చూస్తూ ఉండిపోయానని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నారు.

ఆ పిల్లవాడే 1901 డిసెంబరు 22న, నగరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరాన, ఐదుగురు విద్యార్థులతో శాంతినికేతన్‌లో బడి తెరిచారు. పాఠాలు చెట్ల నీడన సాగాయి. అక్కడ సైన్సు చెప్పిన జగదానంద రాయ్ పురుగులు, మొక్కలు, పక్షుల మీద పిల్లలకు తేలిక బెంగాలీలో పుస్తకాలు రాశారు. 1924లో మొదలైన శిక్షాసత్ర బడిలో తోటపని, చేతిపనులే చదువుకు పునాది. 1928లో వృక్షారోపణ ఉత్సవం మొదలైంది. మొక్క నాటడం బడి పండుగ అయింది.

వనమూ, పురుగులూ

కోల్‌కతా పిల్లలకు మరో బడి హుగ్లీ నది ఆవలి ఒడ్డున, శిబ్‌పూర్‌లో ఉంది. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఆ వృక్షోద్యానానికి 1793లో విలియం రాక్స్‌బర్గ్ అధిపతిగా వచ్చారు. అంతకుముందు ఆయన మన సామర్లకోటలో మిరియాలు సాగుచేస్తూ, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి బొమ్మలు గీయించిన వైద్యుడు. నేడు ఈ వనం ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో ఉంది. 250 ఏళ్లు దాటిన ఇక్కడి మహామర్రి కిందికి వచ్చిన పిల్లలు మొదలు కోసం వెతుకుతారు. ఎంత వెతికినా దొరకదు. శిలీంధ్రం సోకి కుళ్లిపోవడంతో 1925లో అసలు మానును తీసేశారు. వేలాది ఊడలే చెట్టును మోస్తున్నాయి. ఊడ అంటే ఏమిటో, అది చెట్టుకు ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఏ పుస్తకంలోనూ లేదు.

చూపును చిన్న ప్రాణుల మీదికి మళ్లించినవారు గోపాల్ చంద్ర భట్టాచార్య (1895–1981). పల్లె బడిలో పంతులుగా మొదలై జగదీశ్ చంద్రబోస్ పరిశోధనాలయంలో చేరిన ఆయన చీమలనూ, చేపలను పట్టే సాలీళ్లనూ ఓపికగా గమనించారు. 1948లో సత్యేంద్రనాథ్ బోస్ స్థాపించిన బంగీయ విజ్ఞాన్ పరిషత్తు పత్రిక ద్వారా ఆ పరిశీలనలు ఇంటింటికీ చేరాయి.

పాఠ్యాంశంగా

1977లో జార్జియాలోని తిబిలిసిలో జరిగిన సదస్సు పర్యావరణ విద్యకు అంతర్జాతీయ చట్రం ఇచ్చింది. మన దేశంలో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంపై 1991లో సుప్రీంకోర్టు దీన్ని అన్ని స్థాయిల్లో బోధించాలని ఆదేశించింది. 2001–02లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి.

మురుగునీటి బడి

1980ల ఆరంభంలో నగరపు మురుగు చివరికి ఏమవుతోందో తెలుసుకునే పని ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్‌కు పడింది. కాలువల వెంట నడిచి వెళ్లిన ఆయనకు శుద్ధి కర్మాగారం కనబడలేదు. చేపల చెరువులు, వాటిని తరాలుగా నడుపుతున్న రైతులు కనబడ్డారు. ఆయన కృషితో, 1992లో కలకత్తా హైకోర్టు ఇచ్చిన తీర్పుతో నగరానికి తూర్పున ఉన్న ఈ చిత్తడి నేలలకు రక్షణ దక్కింది. 2002 ఆగస్టులో 12,500 హెక్టార్లు చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకెక్కాయి. 2006లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. ఘోష్ 2018లో కన్నుమూశారు.

ఇక్కడి చెరువును ‘భేరీ’ అంటారు. లోతు తక్కువ కనుక ఎండ నీటిలోకి బాగా దిగుతుంది. బాక్టీరియా మురుగును విడగొడుతుంది, నాచు పెరుగుతుంది, దాన్ని చేపలు తింటాయి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు బజారుకు వెళ్తాయి. వదిలిన నీరు వరిచేలకు పారుతుంది. అలల కోతకు గట్టు తెగకుండా అంచున గుర్రపుడెక్కను పెంచుతారు. మనం కలుపు అని పీకిపారేసే మొక్క అక్కడ గట్టుకు కాపలా.

కాలువ నీరు ఒక గాజుసీసాలో, చెరువు నీరు మరొకదాంట్లో పట్టి పక్కపక్కన పెడితే నల్లటిది ఒకటి, పచ్చటిది ఒకటి. పొద్దున తాను స్నానం చేసిన నీరు ఎక్కడికి పోతుందో నగరపు పిల్లకు కంటితో చూపించే పాఠం అది. అందుకే ఈ నేలలను కాపాడుకోవడం బడుల అవసరం కూడా.

1997లో ప్రారంభమైన నగర విజ్ఞాన కేంద్రం సైన్స్ సిటీని ఒకప్పటి చెత్త దిబ్బ మీదే కట్టారు. బడి బస్సులు అక్కడికి నిత్యం వస్తుంటాయి. అక్కడి నుంచి తూర్పుగా కొద్ది దూరం పోతే చాలు, భేరీల గట్లు మొదలవుతాయి.