నీలికాంతితో వ్రాసిన చిత్రములు

పెండ్లివేడుకను కెమేరాతో తీసి, 12 సెంటీమీటర్ల అడ్డుకొలతగల డిస్కుపై వ్రాసి, చుట్టములకు పంపుట మన ఎరుకలోని సంగతియే. ఆ డిస్కు చుట్టముల ఇంటి ప్లేయరులో ఆడునా, ఆడదా? ఈ చిన్న ప్రశ్న వెనుక ముప్పదియేండ్లకు మించిన చరిత్ర కలదు.

అంగడిలో అమ్ము సినిమా డిస్కునందు సమాచారము సన్నని గుంటల రూపమున అచ్చువేయబడి యుండును. ఇంట వ్రాయు డిస్కులో గుంటలుండవు. రంజనద్రవ్యపు పొర యుండును. బలమైన లేసరు కిరణము సోకినచోట ఆ పొర వేడెక్కి మార్పు చెందును. అచటినుండి కాంతి తక్కువగా పరావర్తనము చెందును. ప్లేయరులోని బలహీనమైన కిరణము ఆ మచ్చలను గుంటలవలెనే చదువును. వ్రాయుటను ‘కాల్చుట’ యనుటకు ఇదియే కారణము. ఇట్టి సీడీని 1988లో జపానునందలి తైయో యూడెన్ సంస్థ రూపొందించెను.

చిత్రము స్ఫుటమగుకొలది సమాచారము పెరుగును. డిస్కు మాత్రము పెరుగదు. కావున మచ్చను చిన్నది చేయవలెను. తరంగదైర్ఘ్యము తగ్గినను, కటకము కాంతిని కూర్చు శక్తి హెచ్చినను మచ్చ చిన్నదగును. డీవీడీకి వాడునది 650 నానోమీటర్ల ఎర్రకాంతి. కటకపు శక్తి 0.6. 405 నానోమీటర్ల నీలి-ఊదా కాంతిని, 0.85 కటకమును వాడినచో మచ్చ వైశాల్యము సుమారు అయిదవ వంతగును. 4.7 గిగాబైట్ల డీవీడీ స్థానమున 25 గిగాబైట్ల బ్లూ-రే డిస్కు వచ్చుటలోని రహస్యము ముఖ్యముగా ఈ లెక్కయే.

కాని అట్టి కాంతి నిచ్చు దీపమేది? అకసాకి, అమానో అను జపాను శాస్త్రజ్ఞులు 1980ల దశకమున గాలియం నైట్రైడు స్ఫటికములను చక్కగా పెంచిరి. నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలిదీపమును, తరువాత నీలి లేసరును సాధించెను. నీలిదీపమునకై ఈ మువ్వురకు 2014లో నోబెల్ బహుమతి లభించెను.

2002లో తొమ్మిది సంస్థలు బ్లూ-రే పద్ధతిని ప్రకటించినవి. 2003 ఏప్రిలులో సోనీ సంస్థ జపానులో మొదటి యంత్రమును అమ్మెను. అది ఇంటిలో కార్యక్రమములను వ్రాసికొను యంత్రమగుట గమనింపదగినది. డిస్కుపై రక్షణపొర మందము 0.1 మిల్లీమీటరే, గీతపడునను భయముతో దానిని పెట్టెలో నుంచిరి. తరువాత గట్టి పూత వచ్చి పెట్టె అవసరము తీరెను. పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీని తోషిబా 2008లో విరమించెను.

నీలికాంతి యంత్రములు ఖరీదైన ఆ దినములలో మరొక దారి దొరకెను. 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు ఏవీసీహెచ్‌డీ పద్ధతిని వెలువరించినవి. దీనియందు చిత్రమును బాగుగా కుదించి సాధారణ డీవీడీపైననే వ్రాయవచ్చును. సెకండుకు 18 మెగాబిట్ల చొప్పున దానిపై సుమారు 35 నిమిషముల చిత్రము పట్టును. ఆ గుర్తుగల బ్లూ-రే ప్లేయరులు దానిని ఆడించును.

చిత్రమును ఉత్త దస్త్రముగా నకలు చేసిన చాలదు. ప్లేయరు డిస్కునందు ‘బీడీఎంవీ’ అను అరను వెదకి, అందలి సూచికను మొదట చదివి, దాని ననుసరించి చిత్రమును చేరును. సూచికలేని గ్రంథాలయమున పుస్తకమున్నను దొరకదు గదా! పెక్కు ఇండ్లలో డిస్కు ఆడకపోవుటకు లోపము చిత్రమున గాక ఈ అమరికయందే యుండెడిది.

2025 ఫిబ్రవరిలో సోనీ ఈ వ్రాయు బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసెను. డిస్కు చెడకున్నను, దానిని చదువు యంత్రము లేనినాడు అందలి పెండ్లిచిత్రము మూగవోవును. కావున ఇంట డిస్కులున్నవారు, ప్లేయరు పనిచేయుచుండగనే వానికి మరొక ప్రతిని వేరొక సాధనముపై తీసి యుంచుట మేలు.