క్వేకరు మిత్రసమాజము: పుట్టుపూర్వోత్తరములు

పెద్ద రాజ్యముల చరిత్రను కోటలు, శాసనములు, నాణెములు చెప్పును. చిన్న సమాజముల చరిత్రకు వారు వ్రాసి దాచుకొనిన కాగితములే సాక్ష్యము. తరతరములుగా పరభాషాప్రాంతములందు కాపురముండి, ఇంట తెలుగును నిలుపుకొనుచున్న మన కుటుంబములకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. పెట్టె అడుగున మిగిలిన ఒక లగ్నపత్రికయో, తాతగారి చేవ్రాతలోని ఒక జమాఖర్చు పుస్తకమో అనేక గృహములందు మన పూర్వుల జాడను తెలుపుచున్నది.

ఈ సంచికకు మేము ఎన్నుకొనిన కథ దూరదేశపుది. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో పుట్టిన క్వేకరు సమాజమునకును మనకును భాషయందుగాని మతమునందుగాని సంబంధము లేదు. అయినను అల్పసంఖ్యాకులైనవారిని ఏది నిలబెట్టును, ఏది క్షీణింపజేయును అను ప్రశ్న వారిది మాత్రమే కాదు, మనది కూడ. ఆ ప్రశ్నను మనసున నుంచుకొని ఈ వృత్తాంతమును చదువవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.

ఆ కాలపు ఇంగ్లండు అల్లకల్లోలముగా నుండెను. 1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము మొదలయ్యెను. 1649 జనవరిలో మొదటి చార్లెసు రాజును బహిరంగముగా శిరచ్ఛేదము గావించిరి. బైబిలు ఇంగ్లీషున అచ్చయి సామాన్యుల ఇండ్లకు చేరియుండుటచే, చదువ నేర్చిన ప్రతివాడును మతాచార్యులు చెప్పునది గ్రంథమందున్నదా అని సరిచూడసాగెను. పండిన పంటలో పదియవ వంతు చర్చికి చెల్లింపవలెనను నిర్బంధము రైతులకు భారమయ్యెను. ఏ చర్చియందును తృప్తిలేక, ఒకచోట గూడి ఊరక నిరీక్షించు చిన్న చిన్న బృందములు ఉత్తర మండలములందు ఏర్పడెను. వారిని ‘అన్వేషకులు’ అని పిలిచిరి.

ఇట్టి కాలమున, 1624లో, లెస్టరుషైరు మండలములోని ఫెన్నీ డ్రేటను గ్రామమున జార్జి ఫాక్సు జన్మించెను. తండ్రి క్రిస్టఫరు నేతపని చేయువాడు. అతని నీతివర్తనమును బట్టి ఇరుగుపొరుగువారు ‘ధర్మాత్ముడైన క్రిస్టరు’ అనెడివారు. జార్జి ఒక చెప్పులు కుట్టువానియొద్ద పని నేర్చుకొనెను. 1643లో, పందొమ్మిదేండ్ల వయసున, మనశ్శాంతి లేక ఇల్లు విడిచెను. ఒక మతగురువు వెనుక మరియొక మతగురువు నాశ్రయించెను. వారిలో ఎవ్వరును అతని మనోవ్యథకు మందు చెప్పజాలరైరి. 1647లో, మనుష్యులపై ఆశ యంతయు అడుగంటిన సమయమున, తన స్థితిని ఎరిగి పలుకగలవాడు క్రీస్తు ఒక్కడే యనియు, ఆయన వెలుగు ప్రతి మనుష్యుని హృదయమందును కలదనియు అతనికి స్ఫురించెను. క్వేకరు మతమునకు ఇదియే విత్తనము. వెలుగు అందరియందును ఉన్నదన్నచో, దానిని పంచిపెట్టుటకు జీతగాడైన మతాచార్యుడేల? స్త్రీ పలుకరాదనుట యేల? ఒకనికి తలవంచి వేరొకని తృణీకరించుట యేల? తరువాతి ఆచారములన్నియు ఈ ప్రశ్నలనుండియే పుట్టినవి.

1650లో డర్బీ పట్టణమున ఫాక్సును దైవదూషణ నేరముపై బంధించిరి. దైవవాక్కు నెదుట కంపింపుమని అతడు న్యాయాధికారి బెన్నెటుతో ననగా, ఆ యధికారి అతనిని హేళనగా ‘క్వేకరు’, అనగా కంపించువాడు, అని పిలిచెను. తమలో తాము ‘మిత్రులు’ అని చెప్పుకొనుచున్నను, లోకము వారికి ఆ ఎగతాళి పేరునే స్థిరపరచెను.

1652వ సంవత్సరము వారికి శుభవత్సరము. ఆ యేట ఫాక్సు లాంకషైరులోని పెండిల్ కొండనెక్కి, ఒక గొప్ప ప్రజాసమూహము కూడవచ్చినట్లు అంతర్దృష్టితో గాంచెను. పిదప జూను మాసమున ఫర్‌బ్యాంకు గుట్టపై ఒక బండమీద నిలిచి అన్వేషకులకు గంటలకొలది ప్రబోధించెను. వేయిమందికి పైగా వినిరని అతడు చెప్పి వ్రాయించిన స్వీయచరిత్రయందు కలదు. అటనుండి అల్వర్‌స్టను సమీపమందలి స్వార్త్‌మూరు భవనమునకు పోయెను. ఆ భవనము న్యాయమూర్తి థామసు ఫెల్‌గారిది. ఆయన భార్య మార్గరెట్ ఫెల్ ఫాక్సు బోధను వెంటనే అంగీకరించెను. ఫెల్‌గారు ఆ సమాజమున చేరకపోయినను, తన ఇంట వారు కూడుటకు అడ్డు చెప్పలేదు. ఆ ఇల్లే సమాజమునకు కార్యాలయమై, ఉత్తరప్రత్యుత్తరములకు, ప్రయాణముల ఖర్చునకు, ఖైదీల పోషణకు కేంద్రమయ్యెను. భర్త 1658లో మరణించిన చాలకాలమునకు, 1669లో, మార్గరెట్ ఫాక్సును వివాహమాడెను.

వారి ఆరాధనాక్రమము మిక్కిలి సరళము. బలిపీఠము లేదు, గంట లేదు, ముందుగా కూర్చిన ప్రార్థన లేదు. అందరును మౌనముగా కూర్చుందురు. ఎవరికి అంతఃప్రేరణ కలిగిన వారు, పురుషుడైనను స్త్రీయైనను, లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుందురు. ఎవ్వరికిని ప్రేరణ కలుగనిచో మౌనముగనే లేచి పోవుదురు.

వారి వ్యవహారమును చూచి లోకము కోపించెను. ఆనాటి ఇంగ్లీషున సమానునికి, చిన్నవానికి ఏకవచనమును, పెద్దవానికి బహువచనమును వాడెడివారు. క్వేకరులు రాజునకును సేవకునికిని ఒకే ఏకవచనమును వాడిరి. ఇందలి సాహసము మనకు తెలిసినంతగా నేటి ఇంగ్లీషువారికి తెలియదేమో! మన తెలుగున ‘నీవు’ అనునది చనువు మాట. కన్నడమున అదే ‘నీవు’ గౌరవవాచకము. పొరపాటున ఒకచోటి మాట నింకొకచోట వాడి నాలుక కరచుకొనినవారు మనలో లేకపోరు. అట్టిది, తెలిసి తెలిసి న్యాయస్థానమున న్యాయమూర్తిని ఏకవచనమున సంబోధించుట యనగా దండనను కోరి తెచ్చుకొనుటయే. అదేవిధముగా వారు ఎవ్వరియెదుటను టోపీ తీయరైరి. మన పల్లెలందు పెద్దల యెదుట పైపంచె నడుమునకు చుట్టుకొననివానిని ఎట్లు చూచెడివారో, వారిని అట్లే చూచిరి. సత్యము ఎల్లప్పుడును చెప్పవలసినదే కాన ప్రమాణము చేసి చెప్పుట అనవసరమనిరి. అంగడిలో బేరమాడక ఒకే ధర చెప్పిరి. మొదట కొనువారు తప్పుకొనిరి. పిమ్మట, పసిబిడ్డను పంపినను మోసము జరుగదని తెలిసి, వారి అంగళ్లకే రాసాగిరి.

1654 నుండి ఉత్తరదేశపు రైతులు, చేతిపనివారు, పనికత్తెలు జంటలు జంటలుగా దక్షిణమునకు బయలుదేరిరి. ఎడ్వర్డు బర్రో, ఫ్రాన్సిసు హౌగిల్ లండనునకు పోయిరి. జాన్ క్యామ్, జాన్ ఆడ్లండు బ్రిస్టలునకు పోయిరి. మేరీ ఫిషరు అను ఒకప్పటి పనికత్తె 1656లో ఆన్ ఆస్టినుతో గూడి అమెరికాలోని బాస్టనునకు చేరగా, అచటి క్రైస్తవాధికారులు వారి గ్రంథములను తగులబెట్టి, ఇరువురిని చెరనుంచి, ఓడనెక్కించి పంపివేసిరి. ఆమెయే 1658లో కాలినడకన ఏడ్రియానోపులు సమీపమున నాల్గవ మహమ్మదు సుల్తాను దర్శనము చేయగా, ఆయన మర్యాదతో వినెను. బాస్టనున మాత్రము క్రౌర్యము హెచ్చెను. 1659 నుండి 1661 వరకు నలుగురు క్వేకరులను ఉరితీసిరి. వారిలో మేరీ డైయరు అను నామె ఒకసారి ఉరికంబము నుండి విడుదలపొందియు, ఆ చట్టము నెదిరించుటకై మరలివచ్చి 1660 జూను 1న ప్రాణమర్పించెను.

తమలోని తప్పులను దాచిన చరిత్ర చరిత్ర కాదు. జేమ్సు నేలరు అను గొప్ప ప్రబోధకుడు 1656లో, అనుచరుల అతిభక్తికి లోనై, క్రీస్తు యెరూషలేము ప్రవేశమును అనుకరించుచు బ్రిస్టలు పట్టణమును ప్రవేశించెను. పార్లమెంటు అతనిని కొరడాలతో కొట్టించి, నాలుకకు రంధ్రము చేయించి, నుదుట వాత వేయించెను. శిక్ష ఘోరమైనదే. కాని అంతఃప్రేరణకు సమాజముయొక్క విచారణ తోడుకావలెనని మిత్రులు ఆ గాయమునుండి నేర్చుకొనిరి.

1660లో రెండవ చార్లెసు రాజయ్యెను. 1661 జనవరిలో వేరొక వర్గమువారు లండనున సాయుధముగా తిరుగబడగా, ఆ నెపమున క్వేకరులను వేలకొలది చెరబట్టిరి. ఆ నెలలోనే వారు, ఏ కారణముచేతను ఏ రాజ్యమునకై గాని ఆయుధము పట్టమని రాజునకు ప్రకటనపత్రము సమర్పించిరి. 1662లో క్వేకరు చట్టము, 1664లో సమావేశనిషేధ చట్టము వచ్చెను. ఇంటివారు గాక అయిదుగురు ఆరాధనకు కూడినచో శిక్ష. వేరు నేరము దొరకనిచో న్యాయాధికారి ప్రమాణము చేయుమనును, వారు చేయరు, అంతట ఆస్తి జప్తు, చెర. మార్గరెట్ ఫెల్‌ను 1664లో ఇట్లే చెరనుంచిరి. ఆమె అచటనే, స్త్రీలకు దైవకార్యమున పలుకు అధికారము కలదని వాదించు గ్రంథమును వ్రాసెను. అది 1666లో అచ్చయ్యెను.

ఇతర వర్గములవారు అడవులందును రహస్యగృహములందును కూడుకొనిరి. క్వేకరులు తలుపులు తెరచియే కూర్చుండిరి. కూటమందిరమునకు తాళము వేసినచో వీధిలో కూర్చుండిరి. రెడింగు పట్టణమున 1664 ప్రాంతమునను, బ్రిస్టలున 1682లోను పెద్దలందరును చెరబడగా, పిల్లలే నియమిత దినమున కూడి మౌనారాధన సాగించిరి. బ్రిస్టలున ఆ పిల్లలను అధికారులు కొట్టిరి, కొందరిని నిర్బంధించిరి. మరుసటి కూటమునకు పిల్లలు మరల వచ్చిరి. ఈ ఒక్క సంగతిని వ్రాయుటకే మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమని చెప్పినను తప్పు లేదు.

1670 ఆగస్టులో లండనున గ్రేసుచర్చి వీధిలోని మందిరమును సైనికులు మూసివేయగా, ఇరువదియైదేండ్ల విలియం పెన్ వీధిలోనే ప్రసంగించెను. అతనిపైనను విలియం మీడుపైనను విచారణ జరిగెను. జూరీవారు దోషులనుటకు అంగీకరింపరైరి. న్యాయాధికారులు వారిని అన్నోదకములు లేక రెండు రాత్రులు నిర్బంధించి, జరిమానా విధించిరి. ఎడ్వర్డు బుషెల్ మొదలగువారు జరిమానా చెల్లింపక చెరకు పోయి అప్పీలు చేసికొనగా, తీర్పు చెప్పినందులకు జూరీవారిని శిక్షింపరాదని ప్రధానన్యాయమూర్తి వాన్ నిర్ణయించెను. ఒక చిన్న సమాజము పట్టుదలచే దేశమందలి అందరికిని ఒక హక్కు లభించెను.

ధైర్యము ఒక్కటియే వారిని నిలుపలేదు; లెక్కలు నిలిపినవి. 1667 నుండి ఫాక్సు ఊరూర తిరిగి మాసకూటములను స్థిరపరచెను. పేదల పోషణ, అనాథబాలుర వృత్తిశిక్షణ, జనన మరణ వివాహముల నమోదు వాని పని. వివాహమునకు పురోహితుడు లేడు. వధూవరులు కూటమున నిలిచి మాట యిచ్చిపుచ్చుకొందురు, వచ్చినవారందరును సాక్షులుగా పత్రముపై చేవ్రాలు చేయుదురు. 1675లో, ఎవరికి ఎక్కడ ఏ కష్టము కలిగెనో వ్రాసికొని, పార్లమెంటునకు నివేదించి, న్యాయసహాయము చేయుటకు ‘కష్టవిచారణ సభ’ లండనున ఏర్పడెను. ఎవని ఆవును ఏ అధికారి తోలుకొనిపోయెను, దాని విలువ యెంత అనుదానివరకు ఆ పుస్తకములందు కలదు. వానినాధారముగ జోసెఫ్ బెస్సె 1753లో రెండు పెద్ద సంపుటములు ప్రకటించెను.

1681లో పెన్‌కు అమెరికాయందు పెన్సిల్వేనియా భూములు లభించెను. 1689లో ఇంగ్లండున మతసహన చట్టము వచ్చెను. 1691 జనవరిలో ఫాక్సు, 1702లో మార్గరెట్ కాలధర్మము నొందిరి.

హింసకు లొంగని సమాజము శాంతికాలమున తరిగెను. వెలివారిని వివాహమాడిన తమ బిడ్డలను సభ్యత్వమునుండి తొలగించు కఠిననియమమే అందులకు ముఖ్యకారణములలో నొకటియని జాన్ స్టీఫెన్‌సను రౌంట్రీ 1859లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. 1860 ప్రాంతమున ఆ నియమమును సడలించిరి. అప్పటికే ఎన్నియో కుటుంబములు దూరమైపోయెను.

మన దేశమును ఆ సమాజము తాకకపోలేదు. 1930 మార్చిలో, ఉప్పు సత్యాగ్రహమునకు ముందు, గాంధీమహాత్ముని లేఖను వైస్రాయికి అందజేసినవాడు రెజినాల్డు రేనాల్డ్సు అను క్వేకరు యువకుడు.

ఈ కథనుండి మాకు తోచినవి రెండు మాటలు. నియమముగా కూడుటయు, వ్రాసిపెట్టుకొనుటయు, కష్టమున నున్నవాని ఇంటికి పోవుటయు చిన్న సమాజమును నిలుపును. వేరు ఇంటిపిల్లను తెచ్చుకొనిన కొడుకునకును, వేరు భాషవానిని చేపట్టిన కూతురునకును తలుపు మూయుట దానిని తరుగజేయును. మనలో ప్రతి ఇంటివారును ఒక పుస్తకము తీసి, మన పెద్దలు ఏ ఊరినుండి ఎప్పుడు వచ్చిరో, ఎవరెవరు పుట్టిరో, పరభాషయందు పెరిగిన మనుమల పేర్లతో సహా, తెలిసినంతవరకు నేడే వ్రాసియుంచిన మేలు. బ్రిస్టలు పిల్లల సంగతి మూడువందల యేండ్లకు పైబడియు మనకు తెలియుటకు కారణము, ఎవరో ఒకరు ఆనాడు దానిని వ్రాసియుంచుటయే గదా!