బట్ట మీది పేరు ఎవరిది? సైదాబాద్ నుంచి పోచంపల్లి దాకా

సైదాబాద్‌లో సైకిల్ తొక్కేవారి కోసం జెర్సీలు కుట్టే ఒక చిన్న సంస్థ మొదలైందని అనుకుందాం. ఇది పాఠం కోసం చేసుకున్న ఊహ మాత్రమే. రెండు మిషన్లు, ఒక కటింగ్ మాస్టర్, కొద్దిపాటి పెట్టుబడి ఉన్నాయి. ఏ బట్ట వాడాలో తేలిపోయింది. తేలనివి రెండే: పేరు ఏమి పెట్టాలి, నమూనా ఎలా ఉండాలి. ఇవి వ్యాపారానికి సంబంధించిన విషయాలుగా కనిపిస్తాయి. కాని చరిత్ర విద్యార్థులుగా మీరు వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది. బట్ట మీద తన పేరు వేసుకునే అలవాటు ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు బట్టకు పేరు ఎక్కడి నుంచి వచ్చేది?

దక్కనులో వాడుకలో ఉన్న పాత బట్టల పేర్లు చూడండి. మష్రూ అంటే అనుమతించబడినది అని అర్థం. పైకి పట్టు, లోపల నూలు వచ్చేటట్లు దానిని నేసేవారు. ముస్లిం పురుషుల ఒంటికి పట్టు నేరుగా తగలకూడదన్న నియమం వల్ల ఆ నేత పుట్టింది, పేరూ దాని వల్లనే వచ్చింది. చర్మాన్ని తాకే వైపు ఒక గుణం, బయటి వైపు మరొక గుణం ఉండాలన్న ఆలోచన నేటి క్రీడా దుస్తులలో కొత్తగా పుట్టినదేమీ కాదు. చీరాల తేలియా రుమాలుకు పేరు నూనె నుంచి వచ్చింది. రంగు బాగా పట్టడానికి నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదలోను నానబెట్టేవారు. ఇలా పేరు నేతను బట్టో, వాడకాన్ని బట్టో, ఊరిని బట్టో వచ్చేది. నేసిన మనిషి పేరు బజారులో ఎక్కడా వినిపించేది కాదు.

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మాంచెస్టర్ మిల్లు బట్ట మన బజార్లను నింపినప్పుడు ఈ పద్ధతి మారింది. ఏ మిల్లు తాను చూసినా ఒకేలా ఉండేది. అందువల్ల కొనేవాడు గుర్తుపట్టడానికి తాను మీద రంగుల కాగితపు బొమ్మ అంటించారు. లక్ష్మి, కృష్ణుడు, రాజులు, ఏనుగులు ఆ చీటీల మీదికి ఎక్కారు. చదువు రానివారు కూడా ఫలానా బొమ్మ బట్ట కావాలని అడగగలిగారు. హైదరాబాద్‌లో దీనికి ఒక చక్కని ఉదాహరణ బట్టల వ్యాపారం బయట దొరుకుతుంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ సిగరెట్టుకు చార్మినార్ అని పేరు పెట్టి, పెట్టె మీద ఆ కట్టడం బొమ్మనే వేసింది. ఊరందరి కట్టడం ఒక కంపెనీ గుర్తు కావడం ఎంత విచిత్రమో, మనకు అది ఎంత మామూలుగా అనిపించిందో గమనించండి.

గుర్తుకు విలువ పెరిగాక చట్టం వచ్చింది. బ్రిటన్‌లో ట్రేడ్ మార్కుల నమోదు చట్టం 1875లో చేశారు. మన దేశంలో అటువంటి చట్టం 1940లో వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1999 నాటి చట్టం. అది 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది.

సైకిల్ దుస్తుల చరిత్ర ఈ మార్పును ఇంకా స్పష్టంగా చూపుతుంది. ఫ్రాన్సులో లోటో అనే క్రీడా పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టింది. 1919లో పందెంలో ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇచ్చారు. పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. రంగుకు అదే కారణమని ఎక్కువమంది చెబుతారు. 1954లో ఇటలీ పందెగాడు ఫియోరెంజో మాన్యి తన జట్టుకు నివియా క్రీము పేరు తెచ్చాడు. అప్పటి వరకు జట్లకు ప్రధానంగా సైకిల్ కంపెనీలే డబ్బు పెట్టేవి. ఆ తరువాత రైడర్ వీపు అమ్మకానికి పెట్టిన గోడ అయింది. 2004లో లండన్‌లో మొదలైన రాఫా అనే దుస్తుల సంస్థ, సెయింట్ రాఫాయెల్ అనే పానీయం పేరుతో నడిచిన పాత జట్టు పేరును కుదించి పెట్టుకుంది. ఒకప్పటి ప్రకటన మరొకరికి వారసత్వం అయిందన్నమాట.

ఇప్పుడు మళ్లీ సైదాబాద్‌కు వద్దాం. నమూనా విషయం త్వరగా తేలుతుంది. సైకిల్ మీద వంగిన మనిషి ఛాతీ ఎవరికీ కనిపించదు. వెనుక వచ్చే లారీ డ్రైవరుకు వీపే కనిపిస్తుంది. జేబులు కూడా నడుము వెనుకే ఉంటాయి. కాబట్టి గుర్తు, మెరిసే పట్టీ రెండూ అక్కడే ఉండాలి. 40 డిగ్రీలు దాటే వేసవిలో నల్లరంగు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

పేరు దగ్గరే చిక్కు. ఈ ప్రాంతంలో దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కనిపిస్తాయి. ఉర్దూలో హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు కనుక ఒక లిపిలో నప్పిన పేరు ఇంకో లిపిలో వేరుగా చదువుకునే ప్రమాదం ఉంది. సైదాబాద్ సైకిల్ దుస్తులు అని పెడదామంటే, సరుకు రకాన్ని, ఊరిని మాత్రమే చెప్పే పేరును చట్టం మామూలుగా నమోదు చేయదు. చాలాకాలం వాడి జనం గుర్తుపట్టేంత పేరు తెచ్చుకుంటే అది వేరు సంగతి. దేవుడి పేరు పెడదామంటే, మత విశ్వాసాలను నొప్పించే అవకాశమున్న గుర్తులను కూడా చట్టం నిరాకరిస్తుంది. మాంచెస్టర్ చీటీ తాను మీదే ఉండేది, ఊడదీసి గోడకు అంటించుకునే వీలుండేది. జెర్సీ మీది బొమ్మ మాత్రం చెమటలో తడుస్తుంది.

అప్పుడు ఎవరో ఒకరు పోచంపల్లి పేరు తీసుకొస్తారు. ఎల్.బి. నగర్ మీదుగా విజయవాడ రహదారిలో వెళ్లి పక్కకు తిరిగితే సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరిన సైకిల్ బృందానికి సరిపోయే దూరం. పాలిస్టర్ మీద ఆ నమూనా అచ్చువేసి పోచంపల్లి జెర్సీ అంటే బాగా అమ్ముడుపోదా?

అమ్ముడుపోవచ్చు. కాని ఆ పేరు వెనుక ఉన్న పని చూడండి. స్థానికంగా చిటికి అనే ఈ విద్య 20వ శతాబ్దపు తొలి దశకాల్లో చీరాల ప్రాంతం నుంచి పోచంపల్లికి వచ్చింది. ఇక్కడ నమూనా బట్ట మీద కాదు, నేయకముందే నూలు మీద పడుతుంది. నూలును కొలిచి, ముళ్లు కట్టి, రంగు వేసి, విప్పి, మళ్లీ కట్టాలి. కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక చీరకు వేలసార్లు చేతిని అటూ ఇటూ ఆడించే పని అది, ఎక్కువగా ఇంట్లోని ఆడవారిదే. తల్లి పడే ఆ నొప్పి చూసి ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ లభించింది. అచ్చు యంత్రానికి ఈ శ్రమ ఏదీ లేదు. అందుకే నకలు చౌకగా దొరుకుతుంది, మగ్గం మీది చీర ఆ ధరతో పోటీపడలేదు.

పోచంపల్లి ఇకత్ 2004-05లో, డార్జిలింగ్ టీ చేరిన ఏడాదే, భౌగోళిక సూచికగా నమోదైంది. దీనికీ ట్రేడ్ మార్కుకూ ఉన్న తేడా ఈ పాఠానికి ముఖ్యం. ట్రేడ్ మార్కును యజమాని అమ్ముకోవచ్చు. భౌగోళిక సూచికను ఎవరూ అమ్మలేరు, బదిలీ చేయలేరు. దానిని వాడే హక్కు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారుచేసి, నమోదైనవారికే ఉంటుంది. బట్టకు ఊరి పేరు ఉండే పాత పద్ధతి కొత్త చట్టంలో ఈ రూపంలో నిలిచింది. నా అభిప్రాయంలో సైదాబాద్ సంస్థ ఆ పేరు వదులుకోవడమే న్యాయం. పెద్ద సంస్థలకూ పేర్లు వదులుకోక తప్పలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ హస్తకళల దుకాణాలు లేపాక్షి పేరు విడిచి గోల్కొండ అయ్యాయి. ఆ చేనేత అందం జెర్సీలో తప్పక కావాలంటే అసలు పోచంపల్లి నూలు బట్టను అక్కడి సహకార సంఘంలో కొని, కాలరుకో జేబు అంచుకో కుట్టవచ్చు. ధర పెరుగుతుంది. చెమట పీల్చిన నూలు త్వరగా ఆరదు కూడా, కాబట్టి వీపు మీద వాడకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లో ఇకత్ నమూనా ఉన్న బట్ట ఒకటి తీసుకుని రెండు వైపులా తిప్పి చూడండి. రంగు రెండు వైపులా ఒకేలా ఉందా? నమూనా అంచులు కాస్త చెదిరినట్లు ఉన్నాయా, గీత గీసినట్లు ఉన్నాయా? చీటీ మీద ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు లేదో పది వాక్యాలలో రాయండి.