పది రూపాయల బిళ్ళంత సూర్యుడు: కొత్తకోట నుంచి నెప్ట్యూన్ దాకా

ఇవాళ్టి ఎపిసోడ్ సూర్యుడి గురించి. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే, సూర్యుడు ఎంత పెద్దగా కనిపిస్తాడు అనే దాని గురించి. భూమి మీద నుంచి ఎంత, బుధుడి మీద నుంచి ఎంత, నెప్ట్యూన్ దగ్గర నుంచి ఎంత? సైన్స్ క్లాస్ అనుకొని స్కిప్ చేయకండి. ఇది మా ఊరి చరిత్ర కూడా.

మాది కొత్తకోట. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే హైవే మీద జడ్చర్ల దాటినాక వస్తది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. ఈ ఊరి మీద పట్టపగలు సూర్యుడు రెండుసార్లు పూర్తిగా మాయమైండు. 1868లో ఒకసారి, 1980లో ఇంకోసారి. మధ్యలో తేడా 112 ఏళ్లు కూడా నిండలేదు. భూమి మీద ఏదైనా ఒక చోటు తీసుకుంటే, అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తది అని లెక్క. అంటే మా ఊరికి అదృష్టం డబుల్. మరి ఆ అదృష్టాన్ని మనం ఏం చేసుకున్నాం? అసలు కథ అదే.

ముందు ఒక బిళ్ళ తీసుకోండి

ఇంట్లో పది రూపాయల బిళ్ళ ఉంటే తీయండి. షాపుల్లో తీసుకుంటలేరని ఏదో డబ్బాలో పడేసి ఉంటరు కదా, అదే. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. దాన్ని గోడకు అతికించి మూడు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. ఆకాశంలో సూర్యుడు మనకు కనిపించే సైజు సరిగ్గా అంతే. నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే ఆ వెలుగుకు మన బుర్రలో సూర్యుడు చాలా పెద్దవాడు.

ఇప్పుడు గ్రహాలు మారుద్దాం. బుధుడి మీదకు పోవాలంటే గోడ దగ్గరికి రావాలి, సుమారు ఒక మీటరు దూరానికి. అక్కడ సూర్యుడు మన సూర్యుడి కంటే రెండు నుంచి మూడు రెట్ల వెడల్పు కనిపిస్తడు. బుధుడు తన దారిలో సూర్యుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతడు కాబట్టి ఆ సైజు మారుతూ ఉంటది. అక్కడ కొన్ని చోట్ల సూర్యుడు ఉదయించి, కొంచెం పైకొచ్చి, ఆగి, వెనక్కి పోయి అస్తమించి, మళ్ళీ ఉదయిస్తడు. ఇది కట్టుకథ కాదు, బుధుడు తిరిగే వేగం, చుట్టే వేగం కలిసి చేసే గారడీ. శుక్రుడి మీద సూర్యుడు మన కంటే నలభై శాతం వెడల్పు ఉండాలి, కానీ దట్టమైన మేఘాల వల్ల నేల మీద నుంచి అసలు కనిపించడు.

అంగారకుడికి గోడ నుంచి నాలుగున్నర మీటర్లు. సూర్యుడు మన దాంట్లో మూడింట రెండు వంతులు. అక్కడి సాయంత్రాలు మనకు రివర్స్: పగలు ఆకాశం ఎర్రటి దుమ్ము రంగు, సూర్యాస్తమయం దగ్గర మాత్రం నీలం. సన్నటి దుమ్ము నీలి వెలుగును సూర్యుడి పక్కనే ముందుకు పంపిస్తది కాబట్టి అట్ల. క్యూరియాసిటీ రోవర్ 2015 ఏప్రిల్‌లో ఆ నీలి సాయంత్రాన్ని రంగుల్లో ఫోటో తీసింది.

బృహస్పతికి పదిహేను మీటర్లు, శనికి ఇరవై ఎనిమిది, యురేనస్‌కు యాభై ఏడు. నెప్ట్యూన్‌కు తొంభై మీటర్లు నడవాలి, ఇంట్లో కుదరదు, వీధి చివరికి పోవాలి. అంత దూరం నుంచి ఆ బిళ్ళ కంటికి దాదాపు చుక్కే. కానీ చీకటి అనుకోకండి. అక్కడి వెలుగు మన ఎండలో 900వ వంతు, అయినా మన పున్నమి వెన్నెలకు 400 రెట్ల పైనే. పేపర్ హాయిగా చదువుకోవచ్చు. వాయేజర్ 1 నౌక 1990 ఫిబ్రవరి 14న సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి ఫోటోలు తీస్తే, సూర్యుడు ఒక మెరిసే చుక్క మాత్రమే.

ఇదంతా లెక్క కట్టడానికి రాకెట్లు అక్కర్లేదు. గ్రహాల దూరాల నిష్పత్తి చెప్పే సూత్రాన్ని కెప్లర్ 1619లోనే ప్రకటించిండు. బృహస్పతి మన కంటే ఐదు రెట్ల దూరం అని తెలిస్తే, సూర్యుడు ఐదో వంతు కనిపిస్తడని తెలిసినట్టే.

మన బిళ్ళ స్పెషాలిటీ

భూమి మీద మాత్రం ఒక విచిత్రం ఉంది. చందమామ కూడా అదే సైజు! సూర్యుడు చందమామ కంటే సుమారు 400 రెట్లు పెద్ద, సుమారు 400 రెట్లు దూరం. అందుకే ఒక బిళ్ళ మీద ఇంకో బిళ్ళ పెట్టినట్టు సరిగ్గా కప్పుతది. అప్పుడు సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే తెల్లటి వెలుగు కిరీటం, అంచున లేచే ఎర్రటి జ్వాలలు బయటపడతయి. మామూలు రోజు ఆ ఎండలో అవి కనిపించవు.

అంగారకుడి మీద? అక్కడి ఫోబోస్ ఉపగ్రహం చాలా చిన్నది. సూర్యుడి మీదుగా అర నిమిషంలో ఆలుగడ్డ ముక్కలా దాటిపోతది, పూర్తిగా కప్పలేదు. బృహస్పతి దగ్గర అయో ఉపగ్రహం సూర్యుడి కంటే ఆరు రెట్ల వెడల్పు కనిపిస్తది. పూర్తిగా కప్పేస్తది కానీ పక్కనున్న కరోనాను కూడా చాలావరకు మింగేస్తది. ఇంత సరిగ్గా అమరడం మన భూమికి దక్కింది. ఆ అమరిక నీడ మా ఊరి మీదుగా రెండుసార్లు పోయింది.

1868: వనపర్తికి వచ్చిన మనిషి

1868 ఆగస్టు 18, ఉదయం. ఆ నీడ బీజాపూర్ వైపు నుంచి వచ్చి, మన పాలమూరు మీదుగా గుంటూరు, మచిలీపట్నం వైపు పోయింది. ఈ దారిలో చీకటి ఐదు నిమిషాలకు పైగా ఉంది. చాలా పెద్ద గ్రహణం. గుంటూరులో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచు జ్వాలలను పరిశీలించిండు. అవి ఎంత ప్రకాశంగా ఉన్నయంటే, గ్రహణం లేకుండానే చూడొచ్చని ఆయనకు అర్థమై, మర్నాడే చూసి చూపించిండు. ఆ ఏడాది జ్వాలల వెలుగులో కనిపించిన ఒక పసుపు గీతే తర్వాత హీలియం అనే మూలకం కథకు మొదలు. భూమి మీద ఆ హీలియం దొరికింది 1895లో. అంటే మన బెలూన్లలో నింపే గ్యాస్ ఆనవాలు ముందు సూర్యుడిలో కనిపించింది. అదే గ్రహణాన్ని సియాం రాజు మోంగ్‌కుట్ ముందే లెక్కగట్టి చూడడానికి పోయి, అక్కడ మలేరియా తగిలి అక్టోబరులో చనిపోయిండు.

గుంటూరు కథ మీలో చాలామంది వినే ఉంటరు. ఇప్పుడు మన కథ వినండి. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ తాను మచిలీపట్నం పోయిండు. తన సహాయకుణ్ణి వేరే చోటికి పంపిండు. ఆ సహాయకుడి పేరు చింతామణి రఘునాథాచారి. ఆ చోటు వనపర్తి. మా కొత్తకోటకు పదిహేను కిలోమీటర్ల లోపే!

రఘునాథాచారి మామూలు మనిషి కాదు. అంతకు ముందు ఏడాదే, 1867లో, ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు మారుతూ ఉంటదని కనిపెట్టిండు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడైండు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతుంటే, అదేంటో మామూలు జనానికి అర్థమయ్యేటట్టు చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషుతో పాటు మన దేశ భాషల్లో కూడా వేయించిండు. ఆ దాటుడును విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన సొంత అబ్జర్వేటరీ నుంచి చూసి రికార్డు చేసిండు. ఇదెందుకు ముఖ్యం? కెప్లర్ సూత్రం నిష్పత్తి మాత్రమే చెప్తది. సూర్యుడు అసలు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నడు, నిజంగా ఎంత పెద్ద అన్నది తేల్చడానికి అప్పట్లో శుక్రుడి దాటుడే మంచి దారి.

జాన్సెన్ పేరు పోటీ పరీక్షల బిట్లలో వస్తది. రఘునాథాచారి పేరు నేను చదివిన ఒక్క స్కూలు పుస్తకంలో కూడా రాలేదు. మా పక్క ఊరికొచ్చి చూసిన మనిషి!

1980: తలుపులేసుకున్న శనివారం

1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం మూడున్నర దాటినాక, నీడ కర్ణాటక తీరం నుంచి రాయచూరు మీదుగా మన వైపు వచ్చింది. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా జపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ, దాంట్లో 48 అంగుళాల టెలిస్కోపు అప్పటికే ఉన్నయి. నీడ సరిగ్గా దాని మీదుగానే పోయింది. శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు పెట్టుకొని ఎదురుచూసిండ్రు. చీకటి ఉండేది రెండు నిమిషాల పైచిలుకే మరి.

ఊళ్లలో మాత్రం వీధులు ఖాళీ. జనం బయటికి రాకుండా దూరదర్శన్ ఆ మధ్యాహ్నం ‘చుప్కే చుప్కే’ సినిమా వేసిందని ఇప్పటికీ చెప్పుకుంటరు. మా అవ్వ చెప్పింది: తలుపులేసిండ్రు, వండిన వాటి మీద గరిక పెట్టిండ్రు, తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టిండ్రు. గ్రహణం పట్టినంత సేపే రోకలి నిలబడతదని నమ్మకం. నిజానికి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడతది, ఇంట్లో ట్రై చేయండి.

కానీ అవ్వ చెప్పిన ఇంకో ముక్క నాకు బంగారం లాంటిది. వాళ్లది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి నేల మీద రోజూ గుండ్రటి వెలుగు బిళ్ళలు పడేవి. ఆ రోజు అవి కొరికిన రొట్టెల లెక్క అయి, తర్వాత నెలవంకలై, మాయమైనయట. కోళ్లు గంప కిందికి పోయినయట. కాసేపటికి నెలవంకలు అటువైపు తిరిగి మళ్ళీ వచ్చినయట.

ఆ బిళ్ళలు ఏంటో తెలుసా? సూర్యుడి బొమ్మలే. చిన్న సందు ఒక కెమెరా లాగా పనిచేసి సూర్యబింబాన్ని నేల మీద వేస్తది. అంటే భయపడి తలుపులేసుకున్న ఇంట్లోనే, కండ్లకు ఏ ప్రమాదం లేని పద్ధతిలో, మా అవ్వ మొత్తం గ్రహణాన్ని చూసింది. తను చూసింది గ్రహణమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. కరోనాను మాత్రం ఆ సందు చూపించలేదు. దానికోసం ఆ రెండు నిమిషాలు గడప దాటాల్సింది.

మరి మన వంతు?

భయంలో ఒక నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయొద్దు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కండ్లు పోతయి. గ్రహణం రోజైనా, మామూలు రోజైనా అంతే. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు పనికిరావు. గ్రహణం కోసం చేసిన ప్రత్యేక అద్దాలు వాడాలి, లేకపోతే అవ్వ పద్ధతి: అట్టకు చిన్న రంధ్రం చేసి నీడలో చూడాలి. పూర్తిగా కప్పిన ఆ కొద్ది సేపు మాత్రమే ఉత్త కండ్లతో చూడొచ్చు. అన్నానికి, కడుపుతో ఉన్నోళ్లకు గ్రహణం వల్ల ఏం కాదు.

2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా వలయ గ్రహణం పోతది. ఆ రోజు చందమామ కొంచెం దూరంగా ఉండి, బిళ్ళ చిన్నదై, చుట్టూ ఉంగరం మిగులుతది. మన దగ్గర పాక్షికంగా కనిపిస్తది. చందమామ ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతోంది. ఎప్పటికో, కోట్ల ఏళ్ల తర్వాత, భూమి మీద కూడా ఈ అమరిక ఉండదు. అప్పుడు మన ఆకాశం కూడా అంగారకుడి ఆకాశం లెక్కనే.

చివరిగా మీకు ఒక పని. మీ ఇంట్లో యాభై ఐదు దాటిన వాళ్లను అడగండి: 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం ఎక్కడున్నరు, ఏం చూసిండ్రు? ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. 1868 నాటి మన ఊరోళ్ల మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. 1980 మాటలు ఇంకా మన ఇండ్లలోనే ఉన్నయి.