మీటరు చెప్పు సాక్ష్యము



హైదరాబాదులోని సుల్తాన్ బజారునకు పూర్వము రెసిడెన్సీ బజారని పేరు. బ్రిటిషు రెసిడెంటు కోఠీ చెంత వెలసిన యీ పేట నిజాము రాజధానిలోనే యున్నను నిజాము అధికారమునకు వెలుపల నుండెను. 1933వ సంవత్సరమున తిరిగి నిజాము ప్రభుత్వము వశమయ్యెను. ఆ దినములలో రెండు విధముల రూపాయలు చెలామణిలో నుండెడివి. ఒకటి నిజాము వారి హాలీ సిక్కా, రెండవది బ్రిటిషు ఇండియా కల్దారు. రెండును గుండ్రనివే, రెండును రూపాయలనియే పిలువబడెడివి. అయినను ఆరు కల్దారు రూపాయలకు ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు సమానము. ఈ భేదము నెరుగక చేతులు మార్చుకొన్నవాడు నష్టపడెడివాడు. మీ తండ్రితాతలు ఈ లెక్క నెరిగినవారే.

నేడు నేను చెప్పబోవునదియు అట్టి భేదమును గూర్చియే. మోటారు బండిలో నడుపువాని యెదుట నుండు మీటర్లలో ఒక బండిది తీసి, దానిని పోలిన మరియొక బండికి బిగించుట కలదు. పాత బండ్లను పోషించువారు తరచుగా చేయు పని యిది. ఇందు మంచియు గలదు, ప్రమాదమును గలదు.

ముందుగా ఈ మీటర్ల పుట్టుకను చూతము. ఆవిరి యంత్రముల కాలమున బాయిలరులోని యొత్తిడి సరిగా తెలియక అవి పగిలిపోవుట కలదు. 1849లో పారిస్ నగరమున యూజీన్ బూర్డాన్ అను నతడు వంచిన సన్నని లోహపు గొట్టముతో ఒత్తిడి మీటరును కల్పించెను. ఒత్తిడి హెచ్చినకొలది గొట్టపు వంపు సడలును. ఆ కదలికయే ముల్లును త్రిప్పును. పాత మోటారు బండ్లలో నూనె యొత్తిడిని చూపు మీటరు లోపల నున్నదియు ఇట్టి గొట్టమే. 1902లో బెర్లినులో ఒట్టో షుల్జ్ అను నతడు వేగము చూపు మీటరునకు పేటెంటు పొందెను. అందు గేరు పెట్టెనుండి వచ్చు కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పును. అది తనకు తగులకయే యున్న లోహపు గిన్నెను వెంట లాగును. సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనుకకు లాగును. ఈ రెండు లాగుళ్లు సమమైన చోట ముల్లు నిలుచును. ఆ కేబులే చిన్న పళ్లచక్రముల ద్వారా అంకెలనుగూడ త్రిప్పి, నడచిన దూరమును లెక్కించును.

ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. మీటరు బాటను చూడదు. కేబులు ఎన్ని చుట్లు తిరిగినదో మాత్రమే యెరుగును. మైలునకో కిలోమీటరునకో ఇన్ని చుట్లని తయారుచేసినవారు నిర్ణయించి పెట్టుదురు.

1959లో ఇంగ్లండున ట్రయంఫ్ సంస్థవారు హెరాల్డు అను బండిని వెలువరించిరి. 1961 మొదలు మద్రాసులో అదియే స్టాండర్డు హెరాల్డను పేర తయారయ్యెను. 1962లో ట్రయంఫ్ వారు హెరాల్డు చట్రమును కురుచచేసి, దానిమీద స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును నిర్మించిరి. అన్నదమ్ములవంటి బండ్లగుటచే ఒకదాని సామాను మరియొకదానికి పనికివచ్చుననుట సహజము. కాని వెనుక ఇరుసు గేర్లలో భేదము గలదు. మొదటి హెరాల్డులో చక్రము ఒకమారు తిరుగుటకు షాఫ్టు 4.875 మార్లు తిరుగవలెను. 1961లో వచ్చిన హెరాల్డు 1200లోను, స్పిట్‌ఫైర్ మొదటి మూడు తరములలోను 4.11 మార్లు చాలును. 1970లో వచ్చిన నాలుగవ తరమున 3.89 మార్లే. కేబులు షాఫ్టు వైపున తగిలియుండుటచే, ఇరుసు మారినచో చుట్ల లెక్క మారును.

కొన్నేండ్ల క్రిందట నాకు మొదటి రకపు ఇరుసుగల పాత హెరాల్డు ఒకటి యుండెను. దాని మీటరు ముల్లు విరిగినది. సుల్తాన్ బజారు చెంత పాత సామానుల యంగడిలో వెదకగా, తరువాతి రకపు బండిదొకటి దొరకెను. అదే పరిమాణము, అదే ముఖము, అవే మరలు, చక్కగా కూర్చున్నది. మా యూరికి పోవుచు బాట ప్రక్కనున్న కిలోమీటరు రాళ్లను లెక్కించితిని. పది రాళ్లు గడచునప్పటికి మీటరు ఇంచుమించు పండ్రెండు చూపెను. నిజముగా 50 వేగమున పోవుచుండగా ముల్లు 59 దగ్గర నిలిచెడిది. దీనివలన నాకు హాని లేదు. పాత మీటరును క్రొత్త ఇరుసు బండికి బిగించియున్నచో 50 వేగమును 42గా చూపియుండును. అప్పుడు ప్రాణముమీదికే వచ్చును.

అంతకంటె చిక్కు తరువాత వచ్చినది. బండి నమ్మదలచినప్పుడు కొనవచ్చిన యువకుడు మీటరు చూచి, "అయ్యా, పదునెనిమిది వేలే నడచినదా!" అని సంతోషించెను. అవి నా బండి నడచిన కిలోమీటర్లు కావు. పాత మీటరుమీద డెబ్బది వేలు దాటియుండెను. నేను కొంచెముసేపు మాటాడకుంటిని. ఆ మౌనము తలచుకొన్నచో నేటికిని సిగ్గు కలుగును. పిదప లోపలికి పోయి, గుడ్డలో చుట్టి దాచిన పాత మీటరును తెచ్చి యతని చేతికిచ్చితిని. అతడు ధర తగ్గించి యడిగెను, నే నొప్పుకొంటిని.

హైదరాబాదులోనే చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్ రాయిస్ బండి యొకటి గలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తెప్పింపదలచినది. 1911లో ఆయన గతించిన పిదప, 1912లో వచ్చినది. సింహాసనపు బండి యని దానికి పేరు. దశాబ్దములలో అది నడచినది 356 మైళ్లు మాత్రమేనని ప్రసిద్ధి. ఊరేగింపులకు మాత్రమే బయలుదేరిన బండియని ఈ యంకెయే తెలుపుచున్నది. దానికి మరియొక బండి మీటరు బిగించినచో ఆ చరిత్ర యంతయు ఎచ్చట చదువగలము?

కావున మీటరు మార్చుట తప్పని నేననను. విరిగినది మార్చకుండ నడుపుటయే తప్పు. కాని మార్చుటకు ముందు నేలమీద పది మీటర్లు కొలిచి, గేరు తప్పించి, కేబులు చుట్లు లెక్కించుచు బండిని మెల్లగా నెట్టుడు. చుట్లను నూటితో గుణించినచో కిలోమీటరునకు లెక్క వచ్చును. అది మీటరు లెక్కతో సరిపోవలెను. పాత మీటరుమీది యంకెను, మార్చిన తేదీని కాగితముమీద వ్రాసి బండి పత్రములతో నుంచుడు.

ట్రాక్టరు కొనబోవు రైతు మొదట గంటల మీటరునే చూచునని మీకు తెలియును. ఆ యంకెను నమ్మియే అప్పు తెచ్చి ధర యిచ్చును. పహాణీలో ఒక పుట తీసి వేరొక పుట కుట్టినవానిని గ్రామమేమనునో, చెప్పక మీటరు మార్చి యమ్మినవానినిగూడ ఆ మాటయే యనవలెను.